కిడ్నీ క్యాన్సర్ లెక్కలను దశలవారీగా ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

కిడ్నీ క్యాన్సర్ కేసులు ఏటేటా పెరుగుతున్నాయనీ, అయితే వాటిలో ఎక్కువ భాగం తొలి దశలోనే బయటపడుతున్నందున ఆందోళన పడనక్కర్లేదనీ పత్రికల్లో తరచుగా వార్తలు వస్తున్నాయి. ఈ రెండు మాటలూ నిజమే. కానీ మొత్తం కేసుల సంఖ్యనూ, తొలి దశ కేసుల శాతాన్నీ చెప్పి అక్కడితో ఆపేస్తే, జబ్బుతో మన పోరాటం గెలుపు దిశగా సాగుతోందో లేదో పాఠకుడికి తెలియదు. పైగా గెలుస్తున్నామన్న నమ్మకం మాత్రం కలుగుతుంది. ఆ నమ్మకానికి ఎంత ఆధారం ఉందో చూడాలన్నదే ఈ లేఖ ఉద్దేశం.

నడుము పక్కన నొప్పి, మూత్రంలో రక్తం, చేతికి తగిలే గడ్డ, ఈ మూడూ కిడ్నీ క్యాన్సర్ లక్షణాలని పాత వైద్య గ్రంథాలు చెప్పేవి. ఈ మూడూ కలిసి కనిపించే రోగులు ఇప్పుడు పది శాతం కూడా ఉండరు. 1980ల నుంచి అల్ట్రాసౌండ్, సీటీ స్కాన్ల వాడకం విస్తరించడంతో వ్యాధి బయటపడే తీరే మారిపోయింది. పిత్తాశయంలో రాళ్లున్నాయేమోనని కడుపు స్కాన్ తీయించుకున్న మనిషి రిపోర్టులో, రాళ్ల సంగతి అయ్యాక చివరి వరుసలో, కుడి కిడ్నీలో రెండున్నర సెంటీమీటర్ల గడ్డ ఉందనీ, మరో పరీక్ష చేయించుకోవాలనీ రాసి ఉంటుంది. అప్పటిదాకా ఆ మనిషికి కిడ్నీకి సంబంధించిన బాధ ఏదీ ఉండదు. స్కాన్లు విరివిగా తీసే దేశాల్లో నేడు సగానికి పైగా కిడ్నీ క్యాన్సర్లు ఇలా వేరే పరీక్షలోనే కనబడుతున్నాయి.

ఇక శాతాల విషయం. ఒక ప్రాంతంలో లక్ష జనాభాకు ఏడాదికి పది కిడ్నీ క్యాన్సర్ కేసులు నమోదవుతున్నాయనీ, వాటిలో మూడు ఇతర అవయవాలకు పాకిన దశలో బయటపడుతున్నాయనీ ఉదాహరణకు అనుకుందాం. ఇరవై ఏళ్ల తర్వాత మొత్తం కేసులు ఇరవైకి చేరాయి; పెరిగిన పది కేసులూ చిన్న గడ్డలే; పాకిన దశ కేసులు మాత్రం అప్పుడూ ఇప్పుడూ మూడే. ముదిరిన కేసులు ముప్పై శాతం నుంచి పదిహేను శాతానికి తగ్గాయని శీర్షిక పెడితే అది అబద్ధం కాదు. కానీ ముదిరిన జబ్బుతో ఆసుపత్రికి చేరే ఆ ముగ్గురిలో ఒక్కరు కూడా తగ్గలేదు. శాతం తగ్గడానికి కారణం హారం పెరగడమే. అందుకే దశలను పోల్చేటప్పుడు శాతాలను కాక, వయసు తేడాలను సరిచేసి లక్ష జనాభాకు లెక్కగట్టిన రేట్లను ఒక్కో దశకూ విడిగా చూడాలి.

అమెరికా అనుభవం దాదాపు ఇలాగే ఉంది. అక్కడి క్యాన్సర్ రిజిస్ట్రీలు 1970ల నుంచి లెక్కలు సేకరిస్తున్నాయి. అప్పటితో పోలిస్తే కిడ్నీ క్యాన్సర్ నమోదు రేటు రెట్టింపు దాటింది. ఆ పెరుగుదలలో సింహభాగం కిడ్నీకే పరిమితమైన చిన్న కణితులది. దూరపు అవయవాలకు పాకిన దశలో బయటపడే కేసుల రేటు పెద్దగా కదలలేదు. మరణాల రేటు 1990ల దాకా కొంత పెరిగి, తర్వాత మెల్లగా తగ్గుతూ వచ్చింది. ఆ తగ్గుదలలో 2005 చివరి నుంచి అందుబాటులోకి వచ్చిన లక్షిత ఔషధాలకూ (క్యాన్సర్ పెరిగే మార్గాలను గురిపెట్టి అడ్డుకునే మందులు), ఆ తర్వాత వచ్చిన కొత్త తరం ఇమ్యునోథెరపీకీ (రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌పై పోరాడించే చికిత్స) కొంత వాటా ఉండవచ్చు కాబట్టి, ఘనత అంతా స్కానులదే అనడానికి వీల్లేదు.

తొలి దశలో పట్టుకున్న కణితులన్నీ వదిలేస్తే ముదిరిపోయేవే అయితే, కొన్నేళ్లకు ముదిరిన కేసుల రేటు ఆ మేరకు పడిపోవాలి. అలా పడలేదంటే, పట్టుకున్న వాటిలో కొన్ని ఎన్నటికీ ప్రాణం మీదకు తెచ్చేవి కావని అనుమానించాలి. దీనికి ఎదురు వాదన కూడా ఉంది, అది బలమైనదే: పొగతాగడంతో పాటు ఊబకాయం, అధిక రక్తపోటు ఈ క్యాన్సర్‌కు కారకాలని రుజువైంది, వాటిలో ఊబకాయం ఎన్నో దేశాల్లో పెరుగుతోంది గనుక, జబ్బు నిజంగానే పెరిగి ఉంటే, ముందుగా గుర్తించడం వల్ల కలిగిన మేలు ఆ పెరుగుదల చాటున దాగి ఉండవచ్చు. నా అంచనాలో రెండూ కలిసే జరుగుతున్నాయి. ఏది ఎంత అన్నది తేలాలంటే దశలవారీ రేట్లూ మరణాల రేటూ పక్కపక్కన ఉండాలి.

దశ అనే కొలబద్ద కూడా స్థిరంగా లేదు. కణితి పరిమాణం, శోషరస గ్రంథులు, దూరపు వ్యాప్తిని బట్టి దశను చెప్పే, అంతర్జాతీయంగా వాడే టీఎన్ఎం వర్గీకరణలో, 1987 నాటి కూర్పు ప్రకారం కిడ్నీకి పరిమితమై రెండున్నర సెంటీమీటర్ల లోపు ఉన్న కణితే టీ1, అంటే అన్నిటికన్నా తొలి మెట్టు; కిడ్నీకే పరిమితమై అంతకన్నా పెద్దదైతే టీ2. 1997లో ఆ హద్దును ఏడు సెంటీమీటర్లకు పెంచారు. 2002లో టీ1ను నాలుగు సెంటీమీటర్ల దగ్గర మళ్లీ రెండుగా విడగొట్టారు. అంటే కిడ్నీకి పరిమితమైన ఐదు సెంటీమీటర్ల కణితి 1990లో టీ2, 1998లో టీ1. కణితి అదే, పేరు మారింది. ఈ సంగతి చెప్పకుండా పాత, కొత్త లెక్కలను ఒకే గీతగా గీస్తే, తొలి దశ కేసులు ఉన్నట్టుండి పెరిగినట్టు కనిపిస్తుంది.

ఐదేళ్ల మనుగడ రేటుతో, అంటే జబ్బు బయటపడ్డాక కనీసం ఐదేళ్లు బతికే వారి శాతంతో కూడా జాగ్రత్త అవసరం. అమెరికా లెక్కల్లో కిడ్నీకే పరిమితమైన దశలో ఇది సుమారు 93 శాతం, దూరానికి పాకిన దశలో 20 శాతం లోపే. ఈ తేడా చూసి, త్వరగా పట్టుకుంటే చాలు, అందరూ బతుకుతారనుకోవడం సహజం. కానీ అరవై ఏడో ఏట చనిపోయే మనిషికి జబ్బు అరవై నాలుగో ఏట కాక అరవయ్యో ఏట బయటపడితే, ఆయుష్షు ఒక్కరోజు పెరగకపోయినా, ఐదేళ్లు బతికిన వారి జాబితాలో ఆయన చేరిపోతాడు.

ఇదంతా గణాంకాల చర్చగా మాత్రమే మిగిలిపోతే నేను ఇంత వివరంగా రాసేవాణ్ని కాదు. ఆపరేషన్‌లో తీసేసిన నాలుగు సెంటీమీటర్ల లోపు గడ్డల్లో సుమారు ఐదింట ఒకటి అసలు క్యాన్సరే కాదని తేలుతోంది. ఇంత చిన్న గడ్డలు సగటున ఏడాదికి మూడు మిల్లీమీటర్ల చొప్పున మాత్రమే పెరుగుతాయి. వయసు మళ్లిన వారిలో, ఇతర జబ్బులున్న వారిలో క్రమం తప్పక స్కాన్లు తీస్తూ కనిపెట్టి ఉండడం ఇప్పుడు వైద్యులు ఆమోదించిన మార్గమే. వీలున్నచోట గడ్డ మేరకే తొలగించి మిగతా కిడ్నీని కాపాడతారు. క్యాన్సర్ అన్న మాట వినగానే కిడ్నీ మొత్తం తీసేయమని కుటుంబం పట్టుబడితే, పాతికేళ్ల తర్వాత మిగిలిన ఒక్క కిడ్నీ బలహీనపడినప్పుడు ఆ భారం మోసేది రోగే. అయితే మూత్రంలో రక్తం ఒక్కసారి కనబడినా, నొప్పి లేకపోయినా, వెంటనే డాక్టరును కలవాల్సిందే. నేను పైన రాసినదేదీ దానికి వర్తించదు.

కాబట్టి మీ పత్రికలో ఇకపై ఈ వ్యాధి గురించి వార్త వచ్చినప్పుడు, మొత్తం కేసులతో పాటు కిడ్నీకి పరిమితమైన, చుట్టుపక్కలకు వ్యాపించిన, దూరానికి పాకిన దశల రేట్లనూ, మరణాల రేటునూ ఒకే పట్టికలో ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. దశ నమోదు కాని కేసులు ఎన్నో కూడా అందులో ఉండాలి. రికార్డులు మెరుగుపడి ఆ కేసులు తగ్గినప్పుడు, జబ్బులో ఏ మార్పూ లేకపోయినా మిగతా దశల అంకెలన్నీ పెరుగుతాయి.

భవదీయుడు,
ఒక పాఠకుడు