నొప్పి మాత్రలతో మూత్రపిండాలకు ముప్పు

సంపాదకులకు నమస్కారం.

పాకాల దగ్గరి మా పల్లె నుంచి వారానికి మూడుసార్లు తెల్లవారుజామునే తిరుపతికి వెళ్లి, నాలుగేసి గంటలు డయాలిసిస్ చేయించుకునే మా నాన్నగారికి నేను తోడుగా వెళుతున్నాను. మోకాళ్ల నొప్పులకని వైద్యుని అడగకుండా ఏళ్ల తరబడి మింగిన మాత్రలు, అదుపు తప్పిన మధుమేహం కలిసి ఆయన మూత్రపిండాలను దెబ్బతీశాయి. ఈ జబ్బు చాలాకాలం పైకి తెలియదు. కాళ్లు వాచేనాటికే ఆలస్యమైపోతుంది.

నాన్నగారు మాత్రం ధైర్యం వదలలేదు. రోజూ ఉదయం ఎడమచేతి ఫిస్టులా (డయాలిసిస్ సూదులు గుచ్చేందుకు ధమనిని సిరతో కలిపిన చోటు) మీద వేళ్లుంచి, లోపల రక్తం జుమ్మని పారుతోందో లేదో చూసుకుంటారు, ఆ చేతికి బీపీ పట్టీ చుట్టనివ్వరు, తాగే నీటిని సీసాతో కొలుచుకుంటారు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదమని తెలిశాక, మామిడి తోటల మధ్యే బతుకుతూ కూడా పండు జోలికి పోవడం లేదు. అది ఎంత కష్టమో మా జిల్లావారికి చెప్పనక్కరలేదు.

మధుమేహం, రక్తపోటు ఉన్న ప్రతి ఒక్కరికీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఏడాదికొకసారైనా మూత్రపిండాల పరిస్థితి తెలియడానికి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు తప్పక చేయాలనీ, చీటీ లేకుండా నొప్పి మాత్రలు అమ్మడాన్ని అరికట్టాలనీ అధికారులను కోరుతున్నాను.

- ఒక పాఠకురాలు, పాకాల మండలం