నీ రంగుకి నప్పే రంగులు

అమలాపురం

ఏమే,

ఉత్తరం అందింది. చెల్లెలి పెళ్ళి కుదిరిందని రెండు ముక్కలు రాసి, మిగతా కాగితమంతా "ఏ లిప్‌స్టిక్ వేసుకోనే, ఏ ఫౌండేషన్ కొననే" అని నింపేశావు. పెళ్ళికూతుళ్ళ మొహాలతోనే నా బతుకు గనక నాకు తెలిసింది రాస్తున్నా, ఓపిగ్గా చదువుకో.

ముందు ఆ షాపమ్మాయి చూపించిన తెల్ల ఫౌండేషన్ (మొహమంతా ఒకే రంగు రావడానికి పూసేది) షేడు మాట మర్చిపో. నీది చామనఛాయ. దానిమీద రెండు మెట్లు తెల్లది పూస్తే తెల్లబడవు సరికదా, మెడ ఒక రంగు మొహం ఒక రంగు అయ్యి బూడిదగుమ్మడికాయలా ఉంటావు. లేత షేడ్లలో టైటానియం డయాక్సైడ్ అనే తెల్లపొడి ఎక్కువ పడుతుంది, మన రంగు మీద అదే బూడిదగా తేలుతుంది. ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి 'ఫెయిర్' అన్న మాట 2020లో తీసేశారు గానీ, మీ పెద్దత్తయ్య నోట్లోంచి ఎవరు తీస్తారు? ఆవిడేమన్నా నవ్వేసి ఊరుకో.

నలుపా తెలుపా అన్నది ఒక లెక్క. చర్మం అడుగునుంచి పైకి కనిపించే ఛాయ పసుపా, గులాబీయా అన్నది ఇంకో లెక్క. దాన్నే అండర్‌టోన్ అంటారు. ఎండకి పైరంగు కమిలినా అడుగు ఛాయ పెద్దగా మారదు. మణికట్టు దగ్గర నరాలు ఆకుపచ్చగా కనిపిస్తే వార్మ్ (పసుపు ఛాయ), నీలంగా కనిపిస్తే కూల్ (గులాబీ ఛాయ) అంటారు గానీ, మనకి నరాలు సరిగ్గా కనపడితే కదా! బంగారం నప్పుతుందో వెండి నప్పుతుందో చూసుకోమనీ అంటారు. పుట్టినప్పట్నించీ బంగారమే చూసిన కళ్ళకి వెండి ఎక్కడ ఆనుతుందే?

నేను చేసేది వేరు. మీ నాన్నగారి పంచెలు రెండు తియ్యి. నీలిమందు పెట్టి ఉతికిన తెల్లటిదొకటి, మీగడరంగుదొకటి. మొహం కడుక్కుని, పౌడరు రాయకుండా, జుట్టు వెనక్కి లాగి కట్టుకుని, పొద్దున్న పూట అరుగు మీద నీడలో అద్దం ముందు కూర్చో. గడ్డం కింద ఒకదాని తర్వాత ఒకటి పట్టి చూడు. మీగడరంగుకి మొహం కళకళలాడి, తెల్లదానికి పాలిపోతే నీది వార్మ్. అటుదిటైతే కూల్. రెండూ ఒకేలా ఉంటే న్యూట్రల్, అదృష్టవంతురాలివి.

నిన్ను ఎరిగినంతలో నీది వార్మే. లిప్‌స్టిక్ నువ్వు ఇటుకరంగు, మిరపపండు ఎరుపు, తుప్పురంగు వేసుకో. మీ చెల్లిది కూల్ అనుకుంటా, దానికి నేరేడుపండు, వైన్ రంగులు బాగుంటాయి. లేత గులాబీ న్యూడ్ (వేసుకున్నట్టు తెలియకుండా పెదవి రంగులో కలిసిపోయే లిప్‌స్టిక్) జోలికి ఇద్దరూ పోకండి. మన పెదాలు అంచుల్లో నల్లగా, లోపల గులాబీగా ఉంటాయి కదా, ఆ లేతరంగు అంచుల్లో నలుపుని దాచదు, పైగా ఎబ్బెట్టుగా తెల్లగా తేలుతుంది. న్యూడే కావాలంటే నీ పెదవికన్నా ఒక మెట్టు ముదురుది తీసుకో. బుగ్గలకీ అంతే, లేత పింకు మనమీద మట్టి కొట్టుకుపోతుంది.

ఫౌండేషన్ చేతి మీద రాసి చూడకు. దవడ ఎముక మీద మూడు షేడ్లు పక్కపక్కన గీతలు గీయించుకుని, షాపు లైట్లలో కాకుండా బయటికొచ్చి చూసుకో. మెడలోకి కలిసిపోయి ఏది కనపడకుండా పోతే అదే నీది. వెంటనే డబ్బులు కట్టేయకు, ఓ పావుగంట ఆగు. చర్మం జిడ్డుకీ గాలికీ కొన్ని ముదురుతాయి. డబ్బా మీద డబ్ల్యూ అంటే వార్మ్, సీ అంటే కూల్ అనుకో, కానీ మ్యాక్ కంపెనీ వాళ్ళది తిరకాసు: ఎన్‌సీ పసుపు ఛాయవాళ్ళకి, ఎన్‌డబ్ల్యూ గులాబీ ఛాయవాళ్ళకి. "మీ రంగు రాదు మేడమ్" అంటే నమ్మకు. 2017లోనే ఫెంటీ బ్యూటీ అనే కంపెనీ 40 ఫౌండేషన్ షేడ్లతో మొదలైంది, ఆ తర్వాత మిగతావాళ్ళూ ముదురువి పెంచుకుంటూ వచ్చారు.

ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు. పెళ్ళికూతుర్ని చేశాక షేడు చూడటం పెట్టుకోవద్దని మీ చెల్లికి చెప్పు. నలుగు పెట్టినాక ఎంత కడిగినా పసుపు దవడ కిందా, జుట్టు మొదళ్ళలోనూ ఉండిపోతుంది. అప్పుడు ఎవరైనా వార్మే! వారం ముందే తేల్చేసుకోవాలి.

కళ్ళ కింద నలుపుకి కన్సీలరు (మచ్చలు కప్పే క్రీము) దట్టంగా పామకు. ఆ నలుపులో నీలం ఉంటుంది, ముందు కాస్త నారింజరంగు కరెక్టరు అద్దితే విరిగిపోతుంది. ముహూర్తం రాత్రి పన్నెండున్నర అన్నావు, ఫ్లాష్ ఫోటోలే అన్నీ. ఎస్‌పీఎఫ్ ఉన్న పౌడరు, అంటే ఎండ నుంచి కాపాడేది, ఆ వెలుగుకి మొహాన్ని తెల్లగా చూపిస్తుంది, అది వద్దు. మన ఉక్కపోతకి చెమట పడితే తుడవకు, టిష్యూతో అద్దుకో.

చీర వంగపండు రంగుదన్నావు కదా, జాకెట్టు ముక్క పట్టుకుని వచ్చే ఆదివారం పొద్దున్నే వచ్చెయ్. పదకొండు దాటితే నాకు పార్లర్లో ఊపిరాడదు. మీ చెల్లినీ తీసుకురా, కాటుక కూడా పెట్టుకోవద్దని చెప్పు.

నీ
అమలాపురం పిల్ల