పిల్లలకు పక్షవాతం వస్తే: మిత్రుడికి ఉత్తరం

హైదరాబాదు

ప్రియ మిత్రమా,

పెద్దవాళ్లకు చేసినట్టే పిల్లలకు కూడా మెదడు రక్తనాళంలోకి గొట్టం పంపి రక్తపు గడ్డ తీస్తున్నారా అని కిందటి ఉత్తరంలో అడిగావు. తీస్తున్నాం. అయితే మీ ఊళ్లో అలాంటి బిడ్డను మొదట చూసేది నువ్వే కాబట్టి, ఆ ఒక్క మాటతో సరిపెట్టలేను.

ఈమధ్య మా దగ్గరకు తొమ్మిదేళ్ల పాప వచ్చింది. గుండె కండరం బలహీనపడి చాలాకాలంగా మందులు వాడుతున్న పిల్ల. బడిలో రాసుకుంటుండగా కుడిచేతిలోని పెన్సిలు జారిపోయింది. తీసుకోబోతే చెయ్యి లేవలేదు, పిలిస్తే మాట రాలేదు, మూతి ఎడమవైపుకు లాగేసింది. మొదట చూపించిన చోట ఫిట్స్ అనుకుని ఇంజక్షను ఇచ్చి, నిద్ర లేచాక చూద్దామన్నారు. మా దాకా వచ్చేసరికి అయిదు గంటలు గడిచిపోయాయి. వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. ఫిట్స్ తరవాతా, మైగ్రేన్‌లోనూ కూడా పిల్లలకు చెయ్యి పడిపోతుంది కదా. 2009లో ప్రచురితమైన టొరంటో పరిశీలనలో కూడా, లక్షణాలు మొదలైనప్పటి నుంచి జబ్బును గుర్తించేసరికి పిల్లల్లో దాదాపు ఒక రోజు గడిచిపోయింది.

ఎమ్మారైలో మెదడు ఎడమవైపు రక్తం అందించే పెద్ద నాళం, ఎడమ మధ్య మస్తిష్క ధమని, అది మొదలయ్యే చోటే మూసుకుపోయి ఉంది, కానీ అప్పటికి పాడైన భాగం చిన్నదే. మత్తు ఇచ్చి, గజ్జల్లోని ధమని ద్వారా వెళ్లాం. ఈ వయసులో చిక్కు మెదడు నాళాలతో కాదు. అయిదేళ్లు దాటేసరికి అవి దాదాపు పెద్దవాళ్ల నాళాలంత అవుతాయి. గజ్జల ధమనే సన్నం, గొట్టం తగలగానే బిగుసుకుపోయి కాలికి రక్తం అందకుండా చేయగలదు. పాప బరువు 22 కిలోలే కాబట్టి, నాళాలు తెరమీద కనిపించడానికి ఇచ్చే రంగుమందు ఎంత ఎక్కిందో సిస్టరు ప్రతి సిరంజికీ బోర్డు మీద రాస్తూనే ఉంది. జాలీలాంటి స్టెంటును గడ్డలో విచ్చుకోనిచ్చి, కొన్ని నిమిషాలు ఆగి వెనక్కి లాగాం. గాజుగుడ్డ మీద పరిస్తే నల్లెరుపు ముక్క, బియ్యపు గింజంత ఉంది. అంత చిన్నదానికి ఆ పిల్ల నోట మాట పోయింది! తెరమీద నాళాలు కొమ్మకొమ్మగా నిండుతుంటే గదిలో ఎవరమూ మాట్లాడలేదు. మర్నాడు "అమ్మా" అంది. చేతిలో బలం ఇంకా పూర్తిగా రాలేదు, వ్యాయామాలు చేయిస్తున్నారు.

ఆధారాల మాట కూడా నిజాయితీగా చెప్పాలి. పెద్దవాళ్లలో ఈ చికిత్స మేలని 2015లో వెలువడిన అయిదు ట్రయల్స్ తేల్చాయి. పిల్లల్లో అలాంటి ట్రయల్ జరపడం చాలా కష్టం. గడ్డ కరిగించే మందు మీద మొదలుపెట్టిన టిప్స్ ట్రయలే తగినంతమంది పిల్లలు చేరక 2013లో ఆగిపోయింది. మనకు ఊతం 2020 నాటి సేవ్ చైల్డ్స్ అధ్యయనం: యూరప్, అమెరికాల్లోని 27 కేంద్రాల్లో గడ్డ తీయించుకున్న 73 మంది పిల్లల్లో, పక్షవాతం తీవ్రతను కొలిచే స్కోరు (ఎక్కువైతే జబ్బు ఎక్కువ) చేరినప్పుడు మధ్యస్థంగా 14 ఉండగా వారం తరవాత 4కు తగ్గింది. అందులో పోల్చిచూడటానికి చికిత్స లేని పిల్లలు లేరు, ఆ లోటు నేను మరచిపోను.

అందరికీ పనికిరాదు కూడా. చికెన్‌పాక్స్ వంటి జబ్బు తరవాత నాళం గోడే వాచి సన్నబడిన పిల్లల్లో, మెదడు నాళాలు క్రమంగా సన్నబడి మూసుకుపోయే మోయామోయా జబ్బు ఉన్నవాళ్లలో, లాగితే నాళం దెబ్బతినవచ్చు. ఏజెన్సీ నుంచి నీ దగ్గరకు వచ్చే, ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బున్న పిల్లలకు ముందు కావలసింది రక్తమార్పిడి. మంచం మీంచి చిన్నగా పడిన ఏడాది పిల్లవాడికి ఒకవైపు చచ్చుబడితే, సాధారణంగా దెబ్బతినేది మెదడు లోతుల్లోని సన్న నాళాలు. అక్కడికి మా గొట్టాలు పోవు.

అలాంటి బిడ్డ వస్తే అంబులెన్సు ఎక్కించకముందే నాకు ఫోను చెయ్యి, రాత్రి రెండైనా సరే. బరువెంతో, చివరిసారి బాగా ఉన్నది ఎన్నింటికో, గుండెజబ్బు ఉందో లేదో చెప్పు. నువ్వు ఫోను పెట్టేసేలోగా ఇక్కడ మత్తు డాక్టరును లేపుతాను.

నీ
మిత్రుడు