వడగళ్లు విపత్తే, వడగాలి కాదా?

వాతావరణ మార్పుల సంగతి చూసే కేంద్ర మంత్రి గారికి,

అయ్యా, నమస్కారం.

నేను నల్లగొండ జిల్లాలో ఉపాధి హామీ పనులకు మేట్‌ను, అంటే కూలీల హాజరు వేసి పని చూసేవాణ్ని. వడగాలిని విపత్తుల జాబితాలో చేర్చమని ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ దారిలో ఎక్కడ ఆగాయో తెలియదు. ఒకసారి ఆన్‌లైన్‌లో కూడా పెట్టాను. కొన్నాళ్లకు ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడినది’ అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారమైందో అందులో లేదు. చచ్చిపోయిన మా చిన్నమ్మ లేచి వచ్చి ఇంట్లో కూర్చుందేమో పోయి చూద్దామా అనిపించింది ఆ మెసేజ్ చదివితే. అందుకే ఈసారి నలుగురూ చదివేటట్టు రాస్తున్నా.

విపత్తు సాయానికి కేంద్రం పెట్టిన జాబితా మీకు నోటికి వచ్చే ఉంటుంది. నాకూ వచ్చేసింది. తుపాను, కరువు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగళ్లు, కొండచరియలు, మంచుచరియలు, కుంభవృష్టి, పురుగుల దాడి, చలిగాలులు. మొత్తం 12. మా తాత ముత్తాతల కాలం నుంచి మా మండలంలో మంచుచరియల కింద పడి పోయినవాళ్లు ఒక్కరూ లేరు. చలికి పోయినవాళ్లనూ నేను చూడలేదు. ఎండకు పోయినవాళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టి చెప్తాను. ఈ 2025 మే నాటికి జాబితాలో వడగళ్లు ఉన్నాయి, వడగాలి లేదు. టైపు కొట్టినాయన పొరపాటున ఒక అక్షరం వదిలేశాడనుకుందామంటే 2015 నుంచి ఇన్నేళ్లలో ఒక్కరైనా దిద్దాలి కదా. ఆ ఏడు మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా పోయారు. అది సర్కారు లెక్కే, నా లెక్క కాదు.

జాబితా మాది కాదు, హోం శాఖది అంటారేమో. తెలుసు. ఎండ మీ శాఖది, విపత్తు హోం శాఖది, పని గ్రామీణాభివృద్ధి శాఖది, వడదెబ్బ ఆరోగ్య శాఖది. చచ్చిపోయిన మనిషి మాత్రం ఒక్కతే.

ఆమె సంగతి చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి. 2024 మే మొదటి వారం. మా జిల్లాలో 46 డిగ్రీలు దాటిన రోజులు. ఊళ్లో ఒకపక్క పార్లమెంటు ఎన్నికల మైకులు, ఒకపక్క మా చెరువు పూడిక పని. మబ్బుల లేచి అన్నం మూట కట్టుకొని ఆరున్నరకే గట్టు మీదికి వచ్చేవాళ్లు అందరూ. యాప్‌లో హాజరు వేసి మొదటి ఫోటో తీయాలి. నాలుగు గంటలు గడిచాక రెండో ఫోటో తీయాలి. రెండు ఫోటోలూ పడితేనే ఆ రోజు కూలి. ఈ సంగతి ఢిల్లీకి తెలియనిది కాదు, ఆ యాప్ అక్కడి నుంచి వచ్చిందే.

ఆ రోజు సిగ్నల్ లేక మొదటి ఫోటో పడేసరికే ఏడున్నర దాటింది. పదిన్నరకు మా చిన్నమ్మ గంప కింద పెట్టి తుమ్మచెట్టు నీడకు పోయింది. నీడ అంటే ఏముంది, తుమ్మచెట్టు నీడ ఎంతో ఊళ్లో పెరిగినవాళ్లకు తెలుసు. "తల తిరుగుతుంది కొడుకా, ఇంటికి పోతా" అంది. నేనే ఆపాను. "ఇంకో గంట కూసో చిన్నమ్మా, రెండో ఫోటో పడితే కూలి పోదు" అన్నాను. మూడు వందల రూపాయలు. కూర్చుంది. ఫోటోలో ఉంది కూడా, వెనక వరసలో, కొంగు నెత్తిమీద కప్పుకొని. ఆ ఫోటో నా దగ్గర లేదు, సర్వర్‌లో ఉంటుంది. కావాలంటే మీరే తీయించి చూడవచ్చు.

ఇంటికి పోయి పడుకుంది. ఒళ్లు పెనంలా కాలిపోతోందని మా చెల్లె ఫోన్ చేసింది. ఆర్‌ఎంపీ వచ్చి సెలైన్ పెట్టాడు. సాయంత్రం ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోతుంటే దారిలోనే పోయింది. తెల్లారి దహనం చేశాం. ఎండాకాలం, మనిషిని ఎంతసేపు ఉంచుతాం?

అదే మేం చేసిన తప్పు. పోస్టుమార్టం చేయించలేదు. వడదెబ్బ చావు అని రాయాలంటే తహసీల్దారు, ఎస్సై, వైద్యాధికారి ముగ్గురూ కలిసి తేల్చాలి. వాళ్ల ముందుకు పోతే పోస్టుమార్టం రిపోర్టు ఏదమ్మా అన్నారు. మరణ ధ్రువపత్రంలో గుండె ఆగిపోయిందని ఉంది కదా అన్నారు. ఎవరికైనా గుండె ఆగకుండా ప్రాణం పోతుందా సారూ? మా చెల్లె నాలుగు సోమవారాలు రోజు కూలి వదులుకొని, అర్జీ పట్టుకొని తిరిగింది. ఆ నాలుగు రోజుల కూలి 1,200, ఆటో చార్జీలు, జిరాక్సులు వేరే. ఇప్పుడు మా ఊళ్లో ఎవరికైనా వడదెబ్బ తగిలిందంటే ముందు చల్లనీళ్లు కావాలా, కాగితాలు కావాలా అని అడిగే స్థితికి వచ్చాం.

మా రాష్ట్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి 4 లక్షలు ఇస్తామని చెప్పింది. సంతోషం. మా చిన్నమ్మ అంతకు ముందు ఏడే పోయింది, వర్తించదన్నారు. ఇంకొక్క ఏడాది ఆగి చావాల్సింది పాపం.

మీ దగ్గరి జవాబు కూడా మాకు తెలుసు. జాబితా పెంచే అవసరం లేదని 15వ ఆర్థిక సంఘం చెప్పిందట. రాష్ట్రాలు తమ విపత్తు నిధిలో 10 శాతం దాకా స్థానిక విపత్తులకు వాడుకోవచ్చట. ఎండ స్థానికమా? రాజస్థాన్ నుంచి ఒడిశా దాకా మాడిపోతుంటే అది స్థానికమా?

2024 నవంబర్‌లో బాకులో జరిగిన ప్రపంచ వాతావరణ సదస్సులో మన దేశం గట్టిగా మాట్లాడిందని పేపర్లో చదివి గర్వపడినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఏడాదికి 1.3 లక్షల కోట్ల డాలర్లు కావాలని పేద దేశాలు అడిగితే, 2035 నాటికి ఏడాదికి 30 వేల కోట్ల డాలర్లు చూస్తామని పెద్ద దేశాలు చేతులు దులుపుకున్నాయి. ఇది చాలదు, ఒప్పుకోం అని మనవాళ్లు అక్కడే చెప్పారు. న్యాయమైన మాట. పొగ ఎక్కువ వదిలినవాళ్లు, నష్టపోయినవాళ్లకు ఇవ్వాలి. మా చిన్నమ్మ ఇంట్లో ఒక ఫ్యాను, రెండు బల్బులు. వండేది సగం రోజులు కట్టెల పొయ్యి మీదే. బండి లేదు, ఏసీ లేదు, విమానం శబ్దం వినడమే గానీ దగ్గర చూసింది లేదు. ఆమె వదిలిన పొగెంత? మీరు అమెరికాను అడిగిన మాటే మేం మిమ్మల్ని అడుగుతున్నాం. వాళ్లు మీకు చెప్పిన జవాబే మీరు మాకు చెప్తే ఎలా?

అడాప్టేషన్ ఫండ్ అని 2015లో మీ శాఖే పెట్టింది, ఎండలకు, కరువులకు తట్టుకునే పనులకని. 2022 నవంబర్‌లో దాన్ని స్కీముల లెక్కలోంచి తీసేశారు. నెట్ జీరో, అంటే దేశం వదిలే పొగా, పీల్చేసుకునే పొగా సరిసమానం కావడం, 2070కి వస్తుందంటున్నారు. అప్పటికి నాకు 86. ఉపాధి పనికి వచ్చే వయసు కాదు, బతికుంటే చూస్తాను. సుప్రీంకోర్టు 2024 మార్చిలో, వాతావరణ మార్పుల కీడు నుంచి రక్షణ పొందడం పౌరుల హక్కు అంది. బట్టమేక పక్షుల కేసులో చెప్పిందట ఆ మాట. పక్షుల పుణ్యమా అని మనుషులకూ ఒక హక్కు వచ్చింది. ఆ హక్కు కాగితం చూపిస్తే త్రిసభ్య కమిటీ ఒప్పుకుంటుందేమో కనుక్కోవాలి.

అడిగేది పెద్దదేం కాదు. వడగాలిని ఆ జాబితాలో చేర్చండి. ఇదివరకు ఎండాకాలం పనికి 20 నుంచి 30 శాతం వేసవి భత్యం కలిపేవాళ్లు, సాఫ్ట్‌వేర్ మారాక ఆగిపోయింది, అది తిరిగి ఇవ్వండి. 2025లో కూలి 7 రూపాయలు పెంచి 307 చేశారు, దానికి దండం. ఆ రెండో ఫోటో సంగతి ఏమన్నా చేయండి. ఎండ ఎంత కాసిందో వాతావరణ కేంద్రాల దగ్గర గంట గంటకూ లెక్క ఉంటుంది కదా, ఆ లెక్కనే సాక్ష్యంగా తీసుకోండి, శవాన్ని కోసి చూపించమనకండి. వడగాలిని జాబితాలో చేర్చండి సారూ, ముందు అది చేయండి.

అర్జీల రసీదులు, మరణ ధ్రువపత్రం, ఆ రోజు మస్టర్ జత చేస్తున్నా. అన్నీ జిరాక్సులే. అసలువి పంపడం లేదు, పోయినసారి ఇచ్చినవి ఇంకా తిరిగి రాలేదు.

ఇట్లు,
ఒక ఉపాధి మేట్,
నల్లగొండ జిల్లా.
2025 మే