మంత్రి గారూ, మా తెలుగు ఫైళ్ళు లైనక్సులో తెరుచుకునేలా చూడండి

రాష్ట్ర ఐటీ, విద్యా శాఖల మంత్రి శ్రీ నారా లోకేశ్ గారికి,

నమస్కారం. నేను విశాఖపట్నం అల్లిపురంలో ఇరవై రెండేళ్ళుగా డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, గుడి సావనీర్లు, అప్పుడప్పుడు మన ఊరి రచయితల పుస్తకాలు చేస్తాం. నాలుగు కంప్యూటర్లు, ఇద్దరు ఆపరేటర్లు.

2025 అక్టోబర్ 14న విశాఖలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతామని గూగుల్ ప్రకటించింది. ఆ రోజు మా షాపులో అందరం ఆ వార్తే చదువుకుని సంతోషపడ్డాం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది కూడా ఆ రోజే. మా నాలుగు కంప్యూటర్లలో మూడింటికి విండోస్ 11 ఎక్కదు. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరైనా ఉండాలి. మావి ఆరో తరం ఐ3లు. మెషీన్లకు ఏ జబ్బూ లేదు, రోజంతా పనిచేస్తున్నాయి. ఇంకో ఏడాది అప్‌డేట్లు వచ్చే ఏర్పాటు ఉందన్నారు గానీ, ఆ తర్వాతైనా మూడు కొత్త మెషీన్లు కొనాల్సిందే. మాలాంటి షాపుకి అది చిన్న ఖర్చు కాదు.

ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి ఒకదాంట్లో విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేశాడు. పాత మెషీన్ చకచకా నడిచింది. ప్రింటర్‌ని గుర్తుపట్టింది. తెలుగు టైపింగుకి నా వేళ్ళకి అలవాటైన యాపిల్ కీబోర్డు లేఅవుట్ కూడా వెతికితే దొరికింది. ఎంఎస్ ఆఫీస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రే ఆఫీస్ మెనూలు తెలుగులోనే పెట్టుకోవచ్చు. రెండు రోజులు నిజంగా గుండెల మీద బరువు దిగినట్టు అనిపించింది.

మూడో రోజు ఒక రిటైర్డ్ మాస్టారి కొడుకు వచ్చాడు. ఆ మాస్టారు తన జీవిత కథ రాసుకుంటే పన్నెండేళ్ళ కిందట మేమే కంపోజ్ చేశాం. నూట ఎనభై పేజీలు, పేజీలు అమర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో. మాస్టారు పోయారు. ఆ పుస్తకాన్ని ఫోన్లో చదువుకునేలా చేసి మనవలకి ఇవ్వాలని కొడుకు కోరిక. లైనక్సులో లిబ్రే ఆఫీస్ డ్రా ఆ ఫైల్‌ని తెరిచింది. పేజీలు వచ్చాయి, బాక్సులు వచ్చాయి. అక్షరాలు మాత్రం పిచ్చి గీతలు. ఆయన ఎదురుగా కూర్చుని చూస్తుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఎందుకిలా అయిందో చెప్తాను, అసలు విషయం ఇదే. అను లాంటి పాత ఫాంట్లలో కంప్యూటర్‌కి సంబంధించినంతవరకు తెలుగు అన్నదే లేదు. తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు అని అక్షరాన్ని ముక్కలు చేసి, ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ ఉన్న స్థానాల్లో ఆ ముక్కలు అమర్చారు. ఆ ఫాంట్ ఉన్నంతసేపే అది తెలుగు. ఫాంట్ తీసేస్తే చెత్త. అందులో వెతకలేం, కాపీ చేసి ఇంకోచోట పెట్టలేం. ప్రపంచ భాషల అక్షరాలకి తలా ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. కానీ ప్రెస్సుల పని దశాబ్దాల పాటు పేజ్‌మేకర్, అనులతోనే సాగింది, ఇప్పటికీ చాలాచోట్ల సాగుతోంది. పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 2001లో వచ్చింది మంత్రి గారూ. ఈమధ్య ఒక ప్రభుత్వ కార్యాలయం నుంచి ముద్రణకి వచ్చిన కరపత్రం కూడా అదే ఫాంట్‌లో ఉంది.

అనుని యూనికోడ్‌గా మార్చే టూల్స్ ఆన్‌లైన్లో ఉన్నాయి. పేరా పేరా కాపీ చేసి వేసుకోవాలి. ఒత్తులు చోటు మారతాయి, పేజీ అమరిక మొత్తం పోతుంది. నూట ఎనభై పేజీలు అలా మార్చి, మళ్ళీ మొదటి నుంచి ప్రూఫు చూడాలి.

ప్రూఫు అన్నాను కాబట్టి ఇంకో లోటు చెప్తాను. లిబ్రే ఆఫీస్‌లో తెలుగుకి అక్షర దోషాలు పట్టే సరైన స్పెల్ చెకర్ లేదు. ఉన్నది ఒక పదాల పట్టికే. మన మాట పట్టికలో ఇమడదు. ‘వెళ్ళాల్సివచ్చిందనుకున్నాను’ అంటే మనకి ఒక్క మాట, పట్టికకి అదొక తప్పు. దాంతో పేజీ నిండా ఎర్రగీతలు వస్తే ఆపరేటర్ దాన్ని ఆపేసి కూర్చుంటాడు. మాటకి మాట అతికే భాషలు ఇంకా ఉన్నాయి. లిబ్రే ఆఫీస్ వాడే హన్‌స్పెల్ అనే స్పెల్ చెకర్ మొదట హంగేరియన్ కోసం చేసిందే. ఫిన్నిష్ వాళ్ళు తమ వ్యాకరణాన్ని పట్టుకుని వోయిక్కో అనే స్పెల్ చెకర్ చేసుకున్నారు. కోట్లమంది ఉన్న మనం చేసుకోలేమా?

పక్కషాపు అకౌంటెంటు ‘లైనక్సులో టాలీ రాదుగా’ అన్నాడు. నిజమే. టాలీ కావాలని గట్టిగా అడిగేవాళ్ళు పెరిగితే ఎప్పటికైనా ఆ కంపెనీ చేస్తుందేమో. పాత తెలుగు ఫైళ్ళు మార్చిపెడితే మాత్రం ఏ కంపెనీకీ లాభం లేదు. అందుకే ప్రభుత్వాన్ని అడుగుతున్నాను.

అడిగేది పెద్ద పనేం కాదు. ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో కంప్యూటర్ సైన్స్ విభాగం ఉంది, తెలుగు విభాగం ఉంది. రెండింటి నుంచి కొంతమందిని కలిపి ఒక చిన్న బృందం పెట్టండి. పేజ్‌మేకర్, అను ఫైల్‌ని అమరిక చెడకుండా, పేజ్‌మేకర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్‌లోకి తెచ్చే కన్వర్టర్ ఒకటి, సంధులు తెలిసిన స్పెల్ చెకర్ ఒకటి చేయించండి. స్క్రైబస్ 2024లో వచ్చిన 1.6 వెర్షన్ నుంచి మన లిపిని సరిగ్గానే చూపిస్తోంది, కాబట్టి పునాది ఉంది. చేసినదాన్ని ఎవరైనా వాడుకుని బాగుచేసుకునేలా ఉచిత లైసెన్సుతో వదలండి. మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ ఫాంట్లు అలా అందరికీ అందినవే. నేను ఈరోజుకీ రోజూ వాడుతున్నాను. గిడుగు, గురజాడ మన ఉత్తరాంధ్ర వాళ్ళు కదా, ఆ పేర్లు మెనూలో కనపడితే నాకు ప్రాణం లేచొస్తుంది.

విద్యాశాఖ కూడా మీదే కనుక ఒక్క మాట. కేరళలో కైట్ సంస్థ ద్వారా ప్రభుత్వ బడుల్లో పిల్లలు లైనక్స్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. మన బడుల్లో విండోస్ 11 ఎక్కని కంప్యూటర్లు ఉంటే, పారేసే ముందు ఆ దారి ఒకసారి చూడమని కోరుతున్నాను. ఇకపై ప్రభుత్వ కార్యాలయాలు ముద్రణకి పంపే ఫైళ్ళు యూనికోడ్‌లోనే ఉండాలని ఒక ఉత్తర్వు ఇచ్చినా మాకు సగం టెన్షన్ తగ్గుతుంది.

ఆ బృందానికి పరీక్షించడానికి పాత ఫైళ్ళు కావాలి. నా దగ్గర ఇరవై రెండేళ్ళవి ఉన్నాయి. కస్టమర్లని అడిగి, ఒప్పుకున్నవాళ్ళవి ఇస్తాను. మాస్టారి కొడుకు అప్పుడే ఒప్పుకున్నారు. మాస్టారి పుస్తకం ఉన్న సీడీ నా డ్రాయరులోనే ఉంది.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్,
అల్లిపురం, విశాఖపట్నం