పాత ఫోర్డు కారూ, మా ఆటోనగర్ షెడ్డూ

సంపాదకుల వారికి నమస్కారం.

నేను విజయవాడ ఆటోనగర్‌లో 38 ఏళ్లు ఇంజన్ పని చేసి, మోకాళ్లు మొరాయించాక షెడ్డుకు తాళం వేసినవాణ్ణి. మా చెల్లెలి మనవడు ఆటోమొబైల్ డిప్లొమా చదువుతున్నాడు. మొన్న దసరాకి ఇంటికొస్తే "మీ ల్యాబ్‌లో ఏం ఇంజన్ ఉందిరా?" అని అడిగాను. "సగానికి కోసి ఎరుపూ నీలం రంగులేసి స్టాండు మీద పెట్టారు తాతయ్యా" అన్నాడు. స్టార్ట్ అవుతుందా అంటే నవ్వాడు. మూడో సంవత్సరం పిల్లాడు, ఇంతవరకు ఒక్క ఇంజన్ హెడ్డు (సిలిండర్ల పైమూత) విప్పలేదట. కాలేజీ పేరు రాయను. ఆ ఒక్క కాలేజీ సంగతే అయితే ఈ ఉత్తరమూ రాయను. పిల్లలకి చేతిపని ఎలా నేర్పొచ్చో నేను చూసిన ఒక షెడ్డు సంగతి చెప్పి, మనవాళ్లని ఒకటి అడుగుదామని రాస్తున్నాను.

ఏడాది క్రితం అమెరికాలో కెంటకీ రాష్ట్రం లూయివిల్‌లో మా అబ్బాయి దగ్గర ఐదు నెలలున్నాను. నాలాంటివాడికి అక్కడ కిటికీయే కాలక్షేపం. శనివారం పొద్దున మాత్రం మా మనవడు నన్ను వెంటబెట్టుకుని ఒక షెడ్డుకు వెళ్లేవాడు. విజిటర్ వీసా మీద వచ్చావు, అక్కడ పని ముట్టుకోవద్దు నాన్నా అని మా అబ్బాయి ముందే చెప్పాడు. కాబట్టి కుర్చీలో కూర్చుని చేతులు కట్టుకుని చూసేవాణ్ణి. పానా కనిపిస్తే చెయ్యి ఊరుకోదు కదా, అదో శిక్ష.

ఆ షెడ్డులో హైస్కూలు పిల్లలు పన్నెండు మంది కలిసి ఒక స్ట్రీట్ రాడ్ కడుతున్నారు. 1949కి ముందు వచ్చిన కారు బాడీ ఉంచుకుని, ఇంజన్, గేర్‌బాక్సు, బ్రేకులు తర్వాతి కాలం నాటివి వేసి, రోడ్డు మీద తిరిగేలా తయారు చేస్తే దాన్ని వాళ్లు అలా పిలుస్తారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందే కాలిఫోర్నియా కుర్రాళ్లు చవగ్గా దొరికే పాత ఫోర్డుల బరువు తగ్గించి, ఎండిపోయిన చెరువుల్లో పందేలు తోలేవాళ్లట. 1932లో ఫోర్డు 65 గుర్రాల వీ-8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్‌ని సామాన్యుడు కొనే కారులో పెట్టడంతో ఆ పిచ్చి ఇంకా ముదిరింది. ఇప్పటికీ ఏటా ఆగస్టులో లూయివిల్‌లో పెద్ద జాతర జరుగుతుంది, వేల కార్లొస్తాయి. నిగనిగలాడే బాడీల మీద మంటల బొమ్మలు మాత్రం నాకు నచ్చలేదు. మన లారీ వెనక నెమలి నయం.

పిల్లల కారు 1931 నాటి ఫోర్డు మోడల్ ఎ. ఎవరో రైతు కుటుంబం వాళ్లు కొట్టంలో పడున్న దాన్ని దానంగా ఇచ్చేశారు. షెడ్డు నడిపేది ధర్మసంస్థ. అక్కడి పన్నుల చట్టం కింద నమోదైంది కాబట్టి డబ్బిచ్చినా సామానిచ్చినా దాతలకు పన్నులో మినహాయింపు దొరుకుతుంది. కారు పూర్తయ్యాక వేలం వేస్తారు. వచ్చిన డబ్బులో కొంత పిల్లల పైచదువు ఫీజులకు, మిగతాది వచ్చే ఏటి కారుకు.

పాత కారే ఎందుకు, కొత్తది విప్పి బిగిస్తే రాదా అనుకున్నాను మొదట్లో. రెండు వారాలు చూశాక అర్థమైంది. ఇందులో ఏదీ దానంతటదే అమరదు. ఆ ఫ్రేమ్ 40 గుర్రాల నాలుగు సిలిండర్ల ఇంజన్‌ కోసం చేసిన సన్నటి సి-ఛానల్, అంటే ఒక పక్క తెరిచి ఉండే ఇనుప పట్టీ. దాని మీద షెవర్లే 350 వీ-8 కూర్చోబెట్టాలంటే ఛానల్‌కి లోపలి వైపు ప్లేటు వెల్డింగ్ చేసి పెట్టెలా మూసెయ్యాలి. ఇంజన్ మౌంట్లు (ఇంజన్‌ని ఫ్రేముకు పట్టి ఉంచే ఆధారాలు) బజారులో కొనకుండా ముందు అట్టముక్క కోసి, అది సరిపోయాక ఇనుములో కోశారు. ఒక పిల్లాడు బోల్టు రంధ్రం పావు అంగుళం పక్కకు కొట్టాడు. ఆ ప్లేటు పారెయ్యలేదు, తేదీ రాసి గోడకు తగిలించారు. అప్పటికే అక్కడ అలాంటివి పదో పదకొండో ఉన్నాయి.

ఇంజన్ మొదటిసారి స్టార్ట్ చేసిన రోజు ఇంకా కళ్లముందే ఉంది. తాళం తిప్పగానే కార్బ్యురేటర్‌లోంచి మంట చిమ్మింది, ఎగ్జాస్ట్‌లో ఢాం అని పేలింది. శబ్దం వినగానే నాకు తెలిసిపోయింది, ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ సగం చుట్టు తిరిగి కూర్చుంది. అంబాసిడర్‌కి నా శిష్యులే ఎన్నిసార్లు అలా చేశారో. లేవబోయాను. నేర్పే పెద్దాయన, ఎక్కడో అచ్చులు (డైలు) చేసి రిటైరైన మనిషి, కాఫీ కప్పు పక్కనుంచి వేలెత్తి కూర్చోమన్నాడు. ఆయనకూ తెలుసన్నమాట.

నలభై నిమిషాలు. ప్లగ్గులు తీశారు, తుడిచారు. పెట్రోలు వస్తోందా చూశారు. వైర్లు ఒక్కొక్కటీ పట్టుకుని సిలిండర్లు పేలే వరస 1-8-4-3-6-5-7-2 అని ఎక్కాల్లా పైకి చదివారు. అన్నీ సరిగానే ఉన్నాయి. చివరికి ఒకమ్మాయి ఒకటో సిలిండర్ ప్లగ్గు ఊడదీసి ఆ రంధ్రం మీద బొటనవేలు పెట్టి, క్రాంక్ (ఇంజన్ ఇరుసు) మెల్లగా తిప్పమని మా మనవడికి చెప్పింది. పుల్లీ మీద గీత, పిస్టన్ పైకంటా వచ్చిందని చెప్పే గుర్తు, సున్నా దగ్గరికి వచ్చింది. వేలి కింద గాలి లేదు. "ఇంకో చుట్టు" అంది. ఈసారి అదే గీత దగ్గరికి వస్తుంటే గాలి వేలిని తోసేసింది. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒక్కో సిలిండర్ ఒక్కసారే పేలాలి, తాము గీత చూశారు గానీ ఏ చుట్టో చూడలేదు. డిస్ట్రిబ్యూటర్ పైకి లాగి సగం చుట్టు తిప్పి దించారు. సైలెన్సర్ ఇంకా బిగించలేదేమో, ఇంజన్ అందుకోగానే రేకుల కప్పు అదిరింది. నేను కుర్చీలోంచి ఎప్పుడు లేచానో నాకే తెలీదు.

మా రోజుల్లో ఇదే తప్పు చేస్తే గురువు పానాతో వేళ్ల కణుపుల మీద కొట్టేవాడు. పని వచ్చింది, కానీ క్రాంక్ రెండు చుట్లు ఎందుకు తిరగాలో పదేళ్ల దాకా ఎవరూ చెప్పలేదు. నేనూ కొన్నాళ్లు అలాగే కొట్టి నేర్పాను. గొప్పగా చెప్పుకునే సంగతి కాదు.

ఇక మన దగ్గర. స్ట్రీట్ రాడ్ కట్టి రోడ్డెక్కిస్తామంటే కుదరదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్వరూపం మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టంగా చెప్పింది. అయితే ఇంకో దారి ఉంది. 50 ఏళ్లు దాటిన బండిని ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చకుండా నిలబెడితే వింటేజ్‌గా రిజిస్టర్ చేసుకోవచ్చని కేంద్రం 2021లో నిబంధన తెచ్చింది. 'వీఏ' అక్షరాలతో నంబరిస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు. రోజూ తిరగడానికి పనికిరాదు గానీ ప్రదర్శనకీ, ర్యాలీకీ, సాంకేతిక పరిశోధనకీ తీయొచ్చు. డిప్లొమా పిల్లలకి ఇంతకంటే ఏం కావాలి? ఇందులో అట్టముక్క కోసి కొత్త మౌంటు చేసే పని ఉండదు, నిజమే. కానీ తుప్పు తీయడం, రేకు సాగదీయడం, సిలిండర్ బోరు కొలవడం, వైరింగ్ మొదట్నుంచి లాగడం, అన్నీ ఉంటాయి.

నేర్పేవాళ్లకేం కొదవ? చెక్కా రేకూ చేత్తో కోసి లారీ బాడీ నిలబెట్టే మేస్త్రీలు ఆటోనగర్‌లో ఇంకా ఉన్నారు. వాళ్లలో చాలామందికి పదో తరగతి సర్టిఫికెట్ లేదు, అందుకని కాలేజీ గేటు లోపలికి గెస్ట్ లెక్చరర్‌గా కూడా రానివ్వరు. కనీసం శనివారం ఒక్కపూటకైనా ఆ గేటు తియ్యమని పాలిటెక్నిక్, ఐటీఐల వారిని అడుగుతున్నాను.

మా బావమరిది పెరట్లో 1974 అంబాసిడర్ ఒకటి చింతచెట్టు కింద పడుంది. ఇంజన్ పట్టేసింది, ఫ్లోరు తుప్పు, కాగితాలు మాత్రం భద్రంగా ఉన్నాయి. ఇచ్చేస్తానన్నాడు. నా షెడ్డు ఖాళీగానే ఉంది, కరెంటు కనెక్షన్ తీయించలేదు. ఏ కాలేజీ అయినా పది మంది పిల్లల్నీ, ఒక లెక్చరర్‌నీ పంపితే సంక్రాంతి వెళ్లగానే మొదలుపెట్టొచ్చు. మా చెల్లెలి మనవడితో కలిపి పదకొండు. పాత బట్టలు వేసుకు రమ్మనండి.

ఇట్లు,
ఒక పాత ఇంజన్ మేస్త్రి,
పటమట, విజయవాడ.