వార్షిక నివేదిక: ఈ ఏడాది మన సీనియర్ సిటిజన్ల సంఘంలో పళ్ల ముచ్చట

సభ్యులందరికీ నమస్కారం.

యోగా తరగతులు, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. లెక్కల పత్రం విడిగా ఇస్తున్నాం. ఈసారి మాత్రం మన సమావేశాల్లో ఎక్కువ సమయం పళ్లే తీసుకున్నాయి.

మన సభ్యులొకరు దవడ పన్ను పీకించుకోవాలని, గుండెకు వాడే ఆస్పిరిన్‌ను వారం ముందే తనంతట తానే మానేశారు. రక్తం ఆగదేమోనని టెన్షన్. సంగతి తెలిసి ఆయన గుండె డాక్టరు గట్టిగా మందలించారు. పన్ను తీసిన చోట రక్తాన్ని గాజుగుడ్డతో అదిమో, కుట్టు వేసో ఆపొచ్చు. మాత్ర మానడం వల్ల గుండె రక్తనాళంలో గడ్డ కడితే అంత తేలిగ్గా తప్పించుకోలేం. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మాత్ర వాడేవాళ్లయితే ముందుగా ఐఎన్‌ఆర్ పరీక్ష (రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసేది) చేయించుకుని ఆ కాగితం పళ్ల డాక్టరుకు చూపించాలి.

ఆ తర్వాత ఒక దంత వైద్యురాలిని పిలిపించి మాట్లాడించాం. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్లు చెడతాయని మనకు తెలుసు. చిగుళ్లు చెడినా షుగర్ అదుపు తప్పుతుందని చాలామంది అప్పుడే విన్నారు. డాక్టరు దగ్గరికి అంటే ఖాళీ కడుపుతోనే వెళ్లాలనుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. షుగర్ మాత్ర వేసుకుని టిఫిన్ మానేస్తే కుర్చీలోనే షుగర్ పడిపోవచ్చు. షుగర్ 70 (mg/dL) కంటే తగ్గితే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. అందుకే టిఫిన్ తిని, పొద్దున పూటే వెళ్లమన్నారు.

సభ్యురాలొకరి మనవడికి హిమోఫిలియా, అంటే రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్ 8 అనే ప్రోటీన్ లోపం. చిగుళ్ల నుంచి రక్తం వస్తుందని ఇంట్లోవాళ్లు బ్రష్ చేయించడమే మానేశారు. దాంతో చిగుళ్లు వాచి రక్తం ఇంకా ఎక్కువైంది. మెత్తటి బ్రష్‌తో రోజూ తోమాల్సిందే. పన్ను తీయాల్సి వస్తే ముందుగా రక్తవ్యాధుల డాక్టరుతో మాట్లాడి ఫ్యాక్టర్ ఏర్పాటు చేసుకోవాలి. నొప్పికి ఐబుప్రోఫెన్ వద్దు, పారాసిటమాల్ చాలు.

మందుల పేర్లు, జబ్బుల వివరాలు రాసుకునే జేబు కార్డు ఒకటి అచ్చు వేయించాం. మొదటిసారి అక్షరాలు మరీ చిన్నవైపోయి మనవాళ్లెవరూ చదవలేకపోయారు. తప్పు నాదే. పెద్ద అక్షరాలతో మళ్లీ వేయించాం. తీసుకున్నవాళ్లలో చాలామంది ఇంకా నింపలేదు.

నవంబర్ 14, మధుమేహ దినం నాడు చిగుళ్ల పరీక్ష పెట్టాలనుకుంటున్నాం. కార్డులు కార్యదర్శి ఇంట్లో ఉన్నాయి. వచ్చేటప్పుడు కళ్లద్దాలు, మీ మందుల చీటీ తెచ్చుకుంటే అక్కడే నింపి ఇస్తాం.

ఇట్లు,
కార్యదర్శి